మడతలో కుటుంబం, పాకెట్‌లో పని: ఎంజైమ్‌ నిర్మాణం చూసి ప్రొటీన్‌ను వర్గీకరించే పద్ధతి

ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో తరచూ ఎదురయ్యే పరిస్థితి ఇది. చేతిలో ఒక ప్రొటీన్ సీక్వెన్స్, అంటే దాని అమైనో ఆమ్లాల వరస ఉంటుంది. సీక్వెన్స్‌లను పోల్చి చూసే బ్లాస్ట్‌లో వేస్తే "ట్రిప్సిన్ లాంటి సెరీన్ ప్రోటియేజ్" అని వస్తుంది. దాన్నే రిపోర్టులో రాసేసి ముందుకు వెళ్లిపోతారు. కానీ ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు వాదనలు ఉన్నాయి. ఆ ప్రొటీన్ ఫలానా కుటుంబానికి చెందిందని ఒకటి. ప్రొటీన్‌ను కోసే పనిని సెరీన్ అనే అమైనో ఆమ్లంతో జరిపిస్తుందని రెండోది. ట్రిప్సిన్ కోసే చోటే ఇదీ కోస్తుందని మూడోది. మొదటిది నిజమైతే మిగతా రెండూ నిజమే అనుకోవడం దగ్గరే వర్గీకరణ దారి తప్పుతుంది.

ఈ మూడింటినీ విడదీసి, ఒక్కోదానికి నిర్మాణంలో ఎక్కడ సాక్ష్యం వెతకాలో అడుగడుగునా చూద్దాం. ఉదాహరణకు నాలుగు ఎంజైమ్‌లు తీసుకుందాం: కైమోట్రిప్సిన్, ట్రిప్సిన్, ఎలాస్టేజ్, సబ్టిలిసిన్. మొదటి మూడూ జంతువుల క్లోమంలో తయారై పేగుల్లో ప్రొటీన్‌ను జీర్ణం చేస్తాయి. నాలుగోది బాసిల్లస్ బ్యాక్టీరియాది, బట్టల సబ్బు పొడుల్లో మరకలు వదలగొట్టేది ఈ రకమే. నిర్మాణానికీ పనికీ ఉన్న సంబంధం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి గుంపు నాకు తెలిసి లేదు.

మొదటి అడుగు: ఈసీ నంబర్ ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలుసుకోండి

ఈసీ అంటే ఎంజైమ్ కమిషన్. దాని మొదటి నివేదిక 1961లో వచ్చింది. అప్పట్లో ఆరు తరగతులు ఉండేవి. పొరల గుండా అయాన్లను, అణువులను దాటించే ట్రాన్స్‌లొకేజ్‌లను 2018లో ఏడో తరగతిగా చేర్చారు. ప్రతి ఎంజైమ్‌కూ నాలుగు అంకెల చిరునామా ఉంటుంది. కైమోట్రిప్సిన్‌ది 3.4.21.1, ట్రిప్సిన్‌ది 3.4.21.4, క్లోమపు ఎలాస్టేజ్‌ది 3.4.21.36, సబ్టిలిసిన్‌ది 3.4.21.62. ఇందులో 3 అంటే నీటితో బంధాన్ని తెంచేది, 4 అంటే ఆ బంధం పెప్టైడ్ బంధం (అమైనో ఆమ్లాలను గొలుసుగా కలిపేది), 21 అంటే సెరీన్‌తో పనిచేసే ఎండోపెప్టిడేజ్, అంటే గొలుసును మధ్యలో కోసేది.

ఈసీ నంబర్ ప్రొటీన్‌కు ఇచ్చేది కాదు, అది జరిపే రసాయన చర్యకు ఇచ్చేది. అందుకే పుట్టుకలో ఏ సంబంధం లేని రెండు ప్రొటీన్‌లు ఒకే చర్య జరిపితే రెండింటికీ ఒకే నంబర్ పడుతుంది. ప్రోటియేజ్‌ల విషయంలో మాత్రం చిన్న మినహాయింపు ఉంది. అవన్నీ చేసేది ఒకే చర్య కాబట్టి, మూడో అంకె దగ్గర పనిచేసే పద్ధతిని లెక్కలోకి తీసుకున్నారు: సెరీన్‌వి 21, సిస్టీన్‌వి 22, ఆస్పార్టిక్‌వి 23, లోహంతో పనిచేసేవి 24. అంటే 3.4.21 అని రాశారంటే పద్ధతి గురించి కూడా మాట ఇచ్చినట్టే. ఆ మాటకు సాక్ష్యం యాక్టివ్ సైట్‌లో, అంటే చర్య జరిగే చోట, చూపించగలగాలి.

రెండో అడుగు: సీక్వెన్స్‌లో డొమైన్ పట్టుకోండి

సీక్వెన్స్‌ను ప్రొటీన్ కుటుంబాల డేటాబేస్ ఇంటర్‌ప్రోలో వేయండి. అది మొత్తం గొలుసుకు ఒకే పేరు పెట్టి ఊరుకోదు, ఏ భాగం ఏ డొమైన్‌కు (విడిగా మడత పడే భాగానికి) చెందిందో విడగొట్టి చూపిస్తుంది. ప్రోటియేజ్ అని అనుమానం ఉంటే ప్రోటియేజ్‌ల డేటాబేస్ మెరాప్స్ కూడా చూడాలి. మన నాలుగింటిలో మొదటి మూడు అక్కడ ఎస్1 కుటుంబంలో ఉంటాయి, సబ్టిలిసిన్ ఎస్8లో ఉంటుంది. ఈసీ నంబర్‌లో మూడు అంకెలు కలిసిన ఎంజైమ్‌లు ఇక్కడ రెండు వేర్వేరు ఇళ్లలో తేలాయి. కారణం మూడో అడుగులో కనిపిస్తుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. డేటాబేస్‌లో ఉన్న పేర్లలో చాలావరకు పోలికను బట్టి కంప్యూటర్ పెట్టినవే, ప్రయోగం చేసి పెట్టినవి కావు. యూనిప్రాట్ అనే ప్రొటీన్ డేటాబేస్‌లో నిపుణులు పరిశీలించిన ఎంట్రీలు వేరుగా, యంత్రం నింపినవి వేరుగా ఉంటాయి. పోల్చుకునేటప్పుడు మొదటి రకాన్నే ఆధారం చేసుకోండి. ఒక తప్పు పేరు కాపీ మీద కాపీగా వందల ఎంట్రీల్లోకి పాకిపోవడం ఈ రంగంలో పాత జబ్బు.

మూడో అడుగు: మడత చూడండి

ఇప్పుడు నిర్మాణం తెరవాలి. ప్రయోగంతో తేల్చిన నిర్మాణాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంకు 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ఇవాళ అక్కడ దొరకనిదానికి చాలావరకు ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ అంచనా దొరుకుతుంది, వాటి సంఖ్య 20 కోట్లు దాటింది. మన నాలుగింటికీ ప్రయోగంతో తేల్చిన నిర్మాణాలే ఉన్నాయి, వాటి ఫైళ్ల గుర్తులు ఇవి: కైమోట్రిప్సిన్‌కు 4సీహెచ్‌ఏ, ట్రిప్సిన్‌కు 2పీటీఎన్, ఎలాస్టేజ్‌కు 3ఈఎస్‌టీ, సబ్టిలిసిన్‌కు 1ఎస్‌బీటీ. నిర్మాణాలు చూపించే సాఫ్ట్‌వేర్ పైమాల్‌లో గానీ కైమెరాఎక్స్‌లో గానీ నాలుగింటినీ తెరవండి.

తెరిచిన వెంటనే నాణ్యత చూసుకోండి. ప్రయోగ నిర్మాణమైతే రెజల్యూషన్ (నిర్మాణం ఎంత స్పష్టంగా కనబడిందన్న కొలత) ఎంత, గొలుసు మలుపుల కోణాలను చూపే రామచంద్రన్ ప్లాట్‌లో గీత దాటిన అమైనో ఆమ్లాలు ఎన్ని అన్నవి చూడాలి. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్ బృందం 1963లో ప్రకటించిన ఆ పటం లేకుండా ఇవాళ్టికీ ఏ నిర్మాణ నివేదికా బయటకు రాదు. ఆల్ఫాఫోల్డ్ మోడల్ అయితే ప్రతి అమైనో ఆమ్లానికీ ఉండే నమ్మక స్కోరు చూడండి. 90 దాటితే పక్క గొలుసుల (ఒక్కో అమైనో ఆమ్లానికి ప్రత్యేకమైన భాగాల) దిశను కూడా చాలావరకు నమ్మొచ్చు, 50 కన్నా తక్కువ ఉన్న భాగం మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఇంకొకటి, ఆ డేటాబేస్‌లోని మోడళ్లలో లోహ అయాన్లు, కోఫ్యాక్టర్లు (ఎంజైమ్‌కు తోడ్పడే చిన్న అణువులు) కనబడవు. జింక్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంటే ఆ ఎంజైమ్‌కు జింక్ అక్కర్లేదని అర్థం కాదు.

ఇప్పుడు మొదటి మూడింటినీ ఒకదాని మీద ఒకటి సూపర్‌ఇంపోజ్ చేయండి. గొలుసులు దాదాపు అతుక్కుపోయినట్టు కూర్చుంటాయి. మూడింటిలోనూ రెండు బీటా బ్యారెల్‌లు (పోగులు చుట్టుకుని పీపాలా ఏర్పడే ఆకారాలు) ఉంటాయి, ఒక్కోదానిలో ఆరు బీటా పోగులు, రెండు బ్యారెల్‌ల మధ్య సందులో యాక్టివ్ సైట్. మడతలను వర్గీకరించే క్యాథ్‌లో వీటి నంబర్ 2.40.10.10. సబ్టిలిసిన్‌ను వీటి మీద పెట్టి చూడండి, ఎంత తిప్పినా కుదరదు. దాని మధ్యలో సమాంతర బీటా పలక, ఇరువైపులా స్ప్రింగులా చుట్టుకున్న హెలిక్స్‌లు ఉంటాయి. దాని క్యాథ్ నంబర్ 3.40.50.200. మొదటి అంకె దగ్గరే దారులు వేరయ్యాయి. మడత ఇంత వేరుగా ఉంటే ఉమ్మడి పూర్వీకుడు ఉన్నాడని చెప్పడానికి ఆధారం మిగలదు.

సీక్వెన్స్ పోలిక చాలనప్పుడు ఈ అడుగు బాగా అక్కరకొస్తుంది. 20 శాతం లోపు పోలిక ఉన్న దూరపు బంధువులను బ్లాస్ట్ వదిలేసినా, ఫోల్డ్‌సీక్, డాలీ లాంటి నిర్మాణ పోలిక సాధనాలు పట్టుకుంటాయి. కాకపోతే అవి చెప్పేది బంధుత్వం వరకే.

నాలుగో అడుగు: క్యాటలిటిక్ ట్రయాడ్‌ను కొలిచి చూడండి

వీటిలో బంధాన్ని తెంచే పని ముఖ్యంగా మూడు అమైనో ఆమ్లాలది. వాటినే కలిపి క్యాటలిటిక్ ట్రయాడ్ అంటారు. కైమోట్రిప్సిన్‌లో అవి హిస్టిడిన్ 57, ఆస్పార్టేట్ 102, సెరీన్ 195. సీక్వెన్స్‌లో ఎక్కడెక్కడో ఉన్న ఈ మూడూ గొలుసు మడత పడ్డాక పక్కపక్కకు వచ్చి చేరతాయి. కేంబ్రిడ్జిలో డేవిడ్ బ్లో బృందం 1967లో కైమోట్రిప్సిన్ నిర్మాణాన్ని తేల్చాకే ఈ అమరిక కంటికి కనబడింది. అంతకుముందే రసాయన ప్రయోగాల్లో ఒక వింత తెలుసు: ఆ ఎంజైమ్‌లో రెండు డజన్లకు పైగా సెరీన్‌లు ఉన్నా, డీఎఫ్‌పీ అనే విషం ఒకే ఒక్క సెరీన్‌కు అతుక్కుని ఎంజైమ్‌ను చంపేస్తుంది. మిగతా సెరీన్‌లకు లేని చురుకు దానికి పక్కనున్న హిస్టిడిన్ వల్ల వచ్చింది. హిస్టిడిన్ ఆ సెరీన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది, ఆస్పార్టేట్ ఆ హిస్టిడిన్‌ను సరైన దిశలో నిలబెడుతుంది.

4సీహెచ్‌ఏలో ఈ మూడింటినీ గుర్తించి దూరాలు కొలవండి. సెరీన్ ఆక్సిజన్‌కూ హిస్టిడిన్ నైట్రోజన్‌కూ మధ్య, హిస్టిడిన్ రెండో నైట్రోజన్‌కూ ఆస్పార్టేట్ ఆక్సిజన్‌కూ మధ్య దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌ల చుట్టుపక్కల ఉండాలి. తర్వాత ఆక్సియానయాన్ హోల్ చూడండి. చర్య మధ్యలో సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోసే అణువు) ఆక్సిజన్ మీద చేరే రుణావేశాన్ని గ్లైసీన్ 193, సెరీన్ 195ల వెన్నెముక ఎన్‌హెచ్ గుంపులు పట్టి ఉంచుతాయి. చాలామంది ట్రయాడ్ దొరికిందని ఇక్కడికి రాకుండానే ఆగిపోతారు. ఈ రంధ్రం కూలిపోయిన ఎంజైమ్‌లో ట్రయాడ్ ఉన్నా పని సాగదు. కైమోట్రిప్సిన్ ముందు రూపమైన కైమోట్రిప్సినోజెన్‌లో జరిగేది దాదాపు ఇదే: ట్రయాడ్ చాలావరకు తయారుగానే ఉంటుంది, ఆక్సియానయాన్ హోల్, సబ్‌స్ట్రేట్ దూరే పాకెట్ మాత్రం పూర్తిగా ఏర్పడవు. 15, 16 స్థానాల మధ్య గొలుసు తెగి, కొత్తగా బయటపడిన ఐసోలూసీన్ 16 లోపలికి వెళ్లి ఆస్పార్టేట్ 194ను పట్టుకున్నాకే అవి కుదురుకుంటాయి. కాబట్టి మీ మోడల్ క్రియాశీల రూపానిదా, ముందు రూపానిదా అని ఈ దశలో తప్పక అడగండి.

నంబర్ల దగ్గర తికమక పడొద్దు. ఈ కుటుంబంలో 57, 102, 195 అనేవి కైమోట్రిప్సినోజెన్ 245 అమైనో ఆమ్లాల లెక్క ప్రకారం పెట్టినవి. 2పీటీఎన్, 3ఈఎస్‌టీ ఫైళ్లు కూడా అదే లెక్క పాటిస్తాయి. యూనిప్రాట్ మాత్రం ప్రతి ప్రొటీన్‌నూ దాని మొదటి అమైనో ఆమ్లం నుంచి లెక్కపెడుతుంది. రిపోర్టులో ఏ లెక్క వాడారో ఒక వాక్యం రాయండి.

ఇప్పుడు సబ్టిలిసిన్‌కు రండి. దాని ట్రయాడ్ ఆస్పార్టేట్ 32, హిస్టిడిన్ 64, సెరీన్ 221. అవే మూడు అమైనో ఆమ్లాలు, కానీ గొలుసులో వరస మారింది. అక్కడ హిస్టిడిన్, ఆస్పార్టేట్, సెరీన్ అయితే ఇక్కడ ఆస్పార్టేట్, హిస్టిడిన్, సెరీన్. ఆక్సియానయాన్ హోల్‌లో కూడా తేడా ఉంది, ఇక్కడ ఆస్పరజీన్ 155 పక్క గొలుసు సాయం చేస్తుంది. మొత్తం మడతలను కాకుండా ఈ మూడు అమైనో ఆమ్లాలను మాత్రమే రెండు ఎంజైమ్‌ల నుంచి తీసి సూపర్‌ఇంపోజ్ చేయండి. చక్కగా కుదురుతాయి. రెండు వేర్వేరు వంశాలు విడివిడిగా నడిచి ఒకే రసాయన ఉపాయానికి చేరాయనడానికి ఇది రుజువు. మడత వేరని కుటుంబాన్ని విడదీశాం, ట్రయాడ్ ఒకటని పద్ధతిని కలిపాం, రెండూ సరైన నిర్ణయాలే.

ఐదో అడుగు: పాకెట్ దగ్గర ఎక్కువసేపు ఉండండి

ఏ చోట కోస్తుందన్నది ట్రయాడ్ చెప్పదు. కోతకు ముందున్న అమైనో ఆమ్లపు పక్క గొలుసు దూరే ఎస్1 పాకెట్ (ఎస్1 కుటుంబంతో దీనికి సంబంధం లేదు, పేరు మాత్రమే ఒకటి) చెబుతుంది. కైమోట్రిప్సిన్ ఫినైల్ అలనీన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ లాంటి పెద్ద వలయాల తర్వాత కోస్తుంది. ట్రిప్సిన్ లైసిన్, ఆర్జినిన్ తర్వాత కోస్తుంది. ఎలాస్టేజ్‌కు అలనీన్ లాంటి చిన్నవి కావాలి.

దీన్ని సీక్వెన్స్‌లోనే కంటితో చూడొచ్చు. మూడింటిలోనూ గ్లైసీన్, ఆస్పార్టేట్, సెరీన్, గ్లైసీన్, గ్లైసీన్, ప్రొలీన్ అనే వరస వెతకండి. అందులోని సెరీనే 195. అక్కడి నుంచి ఆరు స్థానాలు వెనక్కి లెక్కపెడితే 189 వస్తుంది, పాకెట్ అడుగున కూర్చునేది అదే. ట్రిప్సిన్‌లో అక్కడ ఆస్పార్టేట్ ఉంటుంది. దాని రుణావేశం లైసిన్, ఆర్జినిన్‌ల ధనావేశాన్ని పిలుస్తుంది. కైమోట్రిప్సిన్‌లో అక్కడ సెరీన్.

మరి ఎలాస్టేజ్‌లో? అక్కడా సెరీనే. 189 ఒక్కటే చూసి ఆగినవాళ్లు ఎలాస్టేజ్‌ను కైమోట్రిప్సిన్ అని రాసేస్తారు. పాకెట్ గోడల మీదున్న 216, 226 కూడా చూడాలి. కైమోట్రిప్సిన్, ట్రిప్సిన్‌లలో రెండు చోట్లా గ్లైసీన్ ఉంటుంది, పక్క గొలుసు లేదు కాబట్టి లోపలికి దారి తెరిచి ఉంటుంది. పంది ఎలాస్టేజ్‌లో 216 దగ్గర వేలీన్, 226 దగ్గర థ్రియోనిన్ అడ్డు నిలుస్తాయి. పెద్ద వలయం దూరడానికి చోటుండదు. ఈ మూడు స్థానాలనూ ఒక చిన్న పట్టికగా రాసుకుని, పక్కన మీ ప్రొటీన్‌కు ఒక నిలువు గడి పెట్టండి.

ఇంత చూశాక కూడా పాకెట్ మీద అతి నమ్మకం వద్దు. ట్రిప్సిన్‌ను కైమోట్రిప్సిన్‌గా మార్చే ప్రయత్నం ఈ విషయంలో గొప్ప పాఠం. 189 దగ్గర ఆస్పార్టేట్ తీసి సెరీన్ పెడితే చాలనుకున్నారు. వచ్చింది సరిగా పనిచేయని, ఎంపిక సరిగా లేని ఎంజైమ్. లిజ్‌బెత్ హెడ్‌స్ట్రామ్, విలియం రటర్ తదితరులు 1992లో చూపించినదేమిటంటే, సబ్‌స్ట్రేట్‌ను ముట్టుకోని రెండు ఉపరితల లూప్‌లను కూడా కైమోట్రిప్సిన్ నుంచి తెచ్చి పెట్టాకే ఆ గుణం చెప్పుకోదగ్గంతగా వచ్చింది. అందుకే పాకెట్ చూసి "ఫలానా చోట కోసే అవకాశం ఉంది" అని రాయడం న్యాయం. "కోస్తుంది" అని రాయాలంటే ప్రయోగం కావాలి.

ఆరో అడుగు: ఆకారం ఉండి పని లేని ప్రొటీన్‌లను ఏరండి

మన రక్తంలో హాప్టోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఉంది. ఎర్ర కణాలు పగిలినప్పుడు బయటపడే హీమోగ్లోబిన్‌ను పట్టుకోవడం దాని పని. దాని బీటా గొలుసు మడత అచ్చం కైమోట్రిప్సిన్‌దే. సీక్వెన్స్ వెతుకులాటలోనూ, నిర్మాణ వెతుకులాటలోనూ సెరీన్ ప్రోటియేజ్ కుటుంబమనే వస్తుంది, అందులో తప్పేమీ లేదు. కానీ హిస్టిడిన్ 57 ఉండాల్సిన చోట లైసిన్, సెరీన్ 195 ఉండాల్సిన చోట అలనీన్ ఉన్నాయి. అది దేన్నీ కోయదు. ఎంజైమే కాదు కాబట్టి ఈసీ నంబరూ లేదు.

గుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్, పాలలోని ఆల్ఫా లాక్టాల్బుమిన్ ఇలాంటి జంటే. ఒకటి 129 అమైనో ఆమ్లాలది, మరొకటి 123ది. సీక్వెన్స్ 40 శాతం దాకా కలుస్తుంది, నాలుగు డైసల్ఫైడ్ బంధాలూ కలుస్తాయి. లైసోజైమ్ బ్యాక్టీరియా గోడను కోస్తుంది. దానికి కావాల్సిన గ్లూటమేట్ 35, ఆస్పార్టేట్ 52 లాక్టాల్బుమిన్‌లో లేవు. అది గెలాక్టోసిల్‌ ట్రాన్స్‌ఫరేజ్ అనే వేరే ఎంజైమ్‌కు తోడై పాలలో లాక్టోజ్ తయారయ్యేలా చేస్తుంది. ట్రయాడ్ తనిఖీని ఎందుకు అంత పట్టుబట్టి చేయమన్నానో ఈ రెండు ఉదాహరణలే చెబుతాయి.

ఏడో అడుగు: ఒకే పని, వేరే యంత్రాంగం ఉందేమో చూడండి

టిమ్ బ్యారెల్ అనే ఒకే మడత ఐసోమరేజ్‌లు, ఆల్డోలేజ్‌లు, అమైలేజ్‌లు లాంటి వేర్వేరు పనులు చేసే ఎంజైమ్‌లకు పనికొచ్చింది. ఆ మడత కనబడితే పని గురించి ఏమీ తెలియనట్టే లెక్క. దీనికి తిరగేసిన పరిస్థితి మరింత ప్రమాదకరం. బీటా లాక్టమేజ్‌లు పెన్సిలిన్ జాతి మందుల వలయాన్ని విరగ్గొడతాయి, అన్నింటికీ సాధారణంగా రాసే ఈసీ నంబర్ 3.5.2.6. కానీ ఏ, సీ, డీ తరగతులు సెరీన్‌తో పనిచేస్తే, బీ తరగతి జింక్‌తో పనిచేస్తుంది. ఈ ఎంజైమ్‌లను ఆపడానికి వాడే క్లావ్యులానిక్ ఆమ్లం "ఏ" తరగతి ఎంజైమ్‌లను అడ్డుకోగలదు, బీ తరగతిలోని ఎన్‌డీఎమ్‌-1ను అడ్డుకోలేదు. ఈసీ నంబర్ మాత్రమే రాసిన నివేదిక ఇక్కడ రోగికి మందు ఎంచుకునేవాళ్లకు ఉపయోగపడదు. ఏ యంత్రాంగమో కూడా తెలియాలి.

ఎనిమిదో అడుగు: ల్యాబ్‌లో నిర్ధారించుకోండి

పారా నైట్రోఅనిలైడ్ సబ్‌స్ట్రేట్‌లతో మొదలుపెట్టడం సులభం. ఎంజైమ్ కోస్తే పసుపు రంగు వస్తుంది, 405 నానోమీటర్ల దగ్గర చదవొచ్చు. ట్రిప్సిన్ తరహాకు ఆర్జినిన్ ఉన్న బీఏపీఎన్‌ఏ, కైమోట్రిప్సిన్ తరహాకు అలనీన్, అలనీన్, ప్రొలీన్, ఫినైల్ అలనీన్ ఉన్నది, ఎలాస్టేజ్ తరహాకు మూడు అలనీన్‌లున్నది వాడండి. ఒక విషయం గమనించండి: కైమోట్రిప్సిన్ సబ్‌స్ట్రేట్‌ను సబ్టిలిసిన్ కూడా బాగానే కోస్తుంది. పసుపు రంగు పని గురించి చెప్పింది, కుటుంబం గురించి చెప్పలేదు. మూడో అడుగును వదిలేసి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు మోసపోయేది ఇక్కడే.

పద్ధతి తేల్చడానికి ఇన్హిబిటర్లు (ఎంజైమ్‌ను ఆపే పదార్థాలు) వాడండి. సెరీన్‌కు పీఎమ్‌ఎస్‌ఎఫ్, సిస్టీన్‌కు ఈ-64, ఆస్పార్టిక్‌కు పెప్‌స్టాటిన్, లోహానికి ఈడీటీఏ. పీఎమ్‌ఎస్‌ఎఫ్ విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. నీళ్లలో త్వరగా పాడవుతుంది కాబట్టి ఐసోప్రొపనాల్‌లో కలిపి పెట్టుకుని, వాడే ముందే వేయండి. సబ్టిలిసిన్‌కు నిలకడ కోసం కాల్షియం కావాలి, అందుకని ఈడీటీఏతో చాలాసేపు ఉంచితే పని తగ్గొచ్చు. అది చూసి లోహ ప్రోటియేజ్ అనుకోకండి.

క్లోనింగ్ వీలుంటే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మ్యుటేషన్. పాల్ కార్టర్, జేమ్స్ వెల్స్ 1988లో సబ్టిలిసిన్ సెరీన్ 221ను అలనీన్‌గా మార్చితే ఎంజైమ్ వేగం సుమారు 20 లక్షల రెట్లు పడిపోయింది. ఒక్క ఆక్సిజన్ పరమాణువు తీసేసినంత పని అది. మీ ప్రొటీన్‌లో కూడా సెరీన్ మార్చగానే రంగు ఆగిపోతే, తెచ్చుకున్న నమూనాలో వేరే ప్రోటియేజ్ కల్తీ అయిందేమోనన్న టెన్షన్ కూడా తీరిపోతుంది.

తొమ్మిదో అడుగు: నమోదు చేసే తీరు

చివరికి రాసే వర్గీకరణలో నాలుగు వరుసలు వేరువేరుగా ఉండాలి: కుటుంబం, మడత, పద్ధతి, పని. ప్రతి వరుస పక్కన సాక్ష్యం ఏ రకమో రాయండి, పోలికా, నిర్మాణమా, ప్రయోగమా అని. ట్రిప్సిన్ ఇలా వస్తుంది: కుటుంబం ఎస్1, మడత 2.40.10.10, పద్ధతి సెరీన్ ట్రయాడ్, పని 3.4.21.4, నాలుగింటికీ ప్రయోగ సాక్ష్యం ఉంది. హాప్టోగ్లోబిన్‌కు మొదటి రెండూ అవే, మూడో వరుసలో "ట్రయాడ్ లేదు", నాలుగో వరుస ఖాళీ.

మీ కొత్త ప్రొటీన్‌కు ట్రయాడ్, ఆక్సియానయాన్ హోల్ కుదిరి, ఏ చోట కోస్తుందో మాత్రం ఇంకా తెలియకపోతే 3.4.21.- అని చివర గీత పెట్టి ఆపండి. ఈసీ పద్ధతిలో ఆ గీతకు చోటుంది, డేటాబేస్‌లు దాన్ని స్వీకరిస్తాయి. పసుపు రంగు పరీక్ష, మ్యుటేషన్ ఫలితం చేతికొచ్చాక ఆ ఒక్క వరుసను తేదీతో సహా సవరించండి. మిగతా మూడు వరుసలను ముట్టుకోవాల్సిన అవసరం రాదు.